గోనెసంచి వెనుక కనిపించని కూలీలు.. నెల్లిమర్ల మిల్లుకు వెళ్లే గోగునారలో బ్యాక్టీరియా పాత్ర ఏంటి? జీనోమ్ పరిశోధన ఏం చెబుతోంది?

ధాన్యం కొనుగోళ్ల సీజన్ వస్తే చాలు.. ఉత్తరాంధ్రలో అందరి నోటా వినిపించే మాట గోనెసంచి. ఆ సంచి మిల్లులో తయారవుతుందని అందరికీ తెలుసు. దానికి కావాల్సిన నార పొలం నుంచి వస్తుందనీ తెలుసు. కానీ ఆ నార గట్టిదా, నాసిరకమా అన్నది తేలేది పొలంలోనూ కాదు, మిల్లులోనూ కాదు. మధ్యలో రెండు మూడు వారాలు అది నానే చెరువు నీళ్లలో! అక్కడ పని చేసేది కంటికి కనిపించని బ్యాక్టీరియా. ఇప్పుడు ఆ బ్యాక్టీరియా జన్యువులను శాస్త్రవేత్తలు అక్షరం అక్షరం చదివేశారు. దీని వల్ల గోగు రైతుకు ఒరిగేదేంటి? నీళ్లు చాలని చోట ఇది ఎంతవరకు ఉపయోగం? వివరంగా చూద్దాం.

నెల్లిమర్లకు, గోగుకు లింకేంటి?

విజయనగరం జిల్లా నెల్లిమర్ల పేరు చెప్పగానే గుర్తొచ్చేవి రెండు. ఒకటి చంపావతి నది, రెండోది జూట్ మిల్లు. బ్రిటిష్ కాలం నుంచి ఈ ఊరి బతుకు మిల్లు సైరన్‌తో ముడిపడి ఉంది. లాకౌట్లతో మూతపడటం, మళ్లీ తెరుచుకోవడం ఇక్కడి కార్మిక కుటుంబాలకు కొత్త కాదు. మిల్లు నడవాలంటే ఆర్డర్లు ఒక్కటే ఉంటే సరిపోదు. ముడి నార కూడా సమయానికి, సరైన నాణ్యతతో దొరకాలి.

జూట్ అంటే జనపనార. దాని పంటకు అడ్డా పశ్చిమ బెంగాల్. మన ఉత్తరాంధ్ర నేలల్లో మాత్రం దానికి తమ్ముడి లాంటి గోగు పండుతుంది. వ్యాపారులు, అధికారులు దీన్నే మెస్తా అంటారు. మనం పచ్చడి చేసుకునే గోంగూర, ఈ నార గోగు ఒకే కుటుంబం. ఆకు కోసం పెంచితే కూర, కాండం కోసం పెంచితే నార. నార రకాలు కొమ్మలు వేయకుండా నిటారుగా, మనిషిని మించిన ఎత్తుకు పెరుగుతాయి.

వర్షాధారంగా, తక్కువ పెట్టుబడితో వచ్చే పంట కావడంతో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మెట్ట రైతులు ఒకప్పుడు దీన్ని విరివిగా వేసేవారు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన కేంద్రం గోగు మీదే దశాబ్దాలుగా పని చేస్తోంది. ఏఎంవీ పేరుతో వచ్చిన గోగు రకాలు అక్కడివే.

అయితే ఆ పచ్చదనం ఏటేటా తగ్గుతూ వచ్చింది. గోగు వేసిన చేలల్లో చాలా వరకు మొక్కజొన్న లాంటి పంటలకు మళ్లాయి. ధర, కూలీల ఖర్చు.. ఇవి అందరూ చెప్పే కారణాలు. మూడోది నీళ్లు. పంట పండించడానికి కాదు, కోసిన తర్వాత ఊరబెట్టడానికి!

చెరువులో అసలేం జరుగుతుంది?

గోగు కాండాన్ని అడ్డంగా కోసి చూస్తే మధ్యలో తెల్లటి పుల్ల, దాని చుట్టూ బెరడు కనిపిస్తాయి. నార ఉండేది ఆ బెరడులోనే. కానీ అది విడివిడి దారాలుగా ఉండదు. పెక్టిన్ అనే జిగురు పదార్థం ఆ పోగులన్నింటినీ ఒకదానికొకటి, పుల్లకు కూడా అతికించి ఉంచుతుంది. జామకాయ జెల్లీ గట్టిపడటానికి కారణమయ్యేది కూడా ఈ పెక్టినే. ఇటుకల మధ్య సిమెంటులా అన్నమాట.

ఈ సిమెంటును కరిగించాలి. ఇటుక మాత్రం పాడవకూడదు. అదే ఊరబెట్టడంలోని అసలు కిటుకు.

కట్టలు కట్టి నీళ్లలో వేయగానే కాండం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. బెరడు పగులుతుంది. లోపలున్న చక్కెరలు, నత్రజని పదార్థాలు నీళ్లలోకి దిగుతాయి. అది బ్యాక్టీరియాకు విందు భోజనం. మొదటి దశలో గాలి పీల్చే బ్యాక్టీరియా విజృంభిస్తుంది. బాసిల్లస్ జాతులు ఈ గుంపులోవే. ఇవి పెరిగే కొద్దీ నీళ్లలోని ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు గాలి అక్కర్లేని క్లాస్ట్రీడియం లాంటివి రంగంలోకి దిగుతాయి. మొదటి బ్యాచ్ డ్యూటీ దిగితే రెండో బ్యాచ్ ఎక్కినట్టు.. అచ్చం మిల్లులో షిఫ్టు మారినట్టే.

ఈ రెండు బ్యాచ్‌లూ పెక్టిన్‌ను కోసే ఎంజైములను వదులుతాయి. జిగురు కరుగుతుంది. నార పుల్ల నుంచి వదులవుతుంది. ఈ క్రమంలో పుట్టే బ్యూటిరిక్ ఆమ్లం లాంటివే ఆ ఘాటు కంపుకు కారణం. గోగు ఊరేసిన కుంట పక్క నుంచి వెళ్లిన వాళ్లెవరికైనా ఆ వాసన గుర్తుండే ఉంటుంది!

నాలుగు రోజుల తేడా.. నార తలరాతే మారిపోతుంది

ఊరడం చాలకపోతే బెరడు ముక్కలు నారకు అతుక్కుపోయి ఉంటాయి. మొదలు భాగం గట్టిగా, పీచులా మిగిలిపోతుంది. మిల్లువాళ్లు ఆ భాగాన్ని కోసి పక్కన పడేయాల్సిందే. ఎక్కువ ఊరితే ఇంకో సమస్య. జిగురు అయిపోయాక సూక్ష్మజీవులు నార మీదే పడతాయి. నారకు బలాన్నిచ్చే సెల్యులోజ్ దెబ్బతింటుంది. పట్టుకుంటే పుటుక్కున తెగిపోతుంది. అలాంటి నారతో నేసిన సంచిలో 50 కిలోల ధాన్యం నింపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కాండం మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది కాబట్టి రెండూ ఒకేసారి ఊరవు. అందుకే కట్టలను ముందు మూడు నాలుగు రోజులు మొదళ్లు మాత్రమే మునిగేలా నిలబెట్టి, తర్వాత పడుకోబెట్టమని శాస్త్రవేత్తలు చెబుతారు. మొదలుకు ముందే మొదలైన పని, కొసతో పాటే పూర్తవుతుంది.

రంగు సంగతి కూడా ఉంది. కట్టలు తేలకుండా చాలా చోట్ల మట్టి పెళ్లలు, అరటి బోదెలు బరువుగా పెడతారు. బోదెల్లో, కాండంలో ఉండే టానిన్లు.. మట్టిలోని ఇనుముతో కలిస్తే నార నల్లబడుతుంది. పాతకాలపు సిరా తయారయ్యేది కూడా ఇదే రసాయన చర్యతో. బంగారు రంగులో ఉండాల్సిన నార నల్లగా వస్తే గ్రేడ్ పడిపోతుంది, రేటూ పడిపోతుంది. అంటే ఆరు నెలల కష్టానికి ధర కట్టేది చివరి రెండు మూడు వారాల నీటి పనే.

నీళ్లు చాలకపోతే?

ఊరబెట్టడానికి ఒక వంతు కట్టెకు 20 వంతుల నీళ్లుండాలన్నది సాధారణ సిఫార్సు. ఎకరాకు 15 టన్నుల పచ్చి కట్టె వచ్చిందనుకుంటే, ఒకేసారి ఊరబెట్టడానికి 300 టన్నుల నీళ్లు.. అంటే 3 లక్షల లీటర్లు కావాలి! అంత కట్టె నుంచి చివరికి చేతికొచ్చే ఎండు నార అందులో 5 శాతం దగ్గరే ఉంటుంది.

వానలు బాగా పడి చెరువులు, గెడ్డలు నిండితే ఇబ్బంది లేదు. పడకపోతే రైతులంతా ఒకే కుంట మీద ఎగబడాలి. నిన్న ఒకరు ఊరేసిన నీళ్లలోనే ఈరోజు ఇంకొకరు. ఆమ్లాలు పేరుకుపోయిన, బురద కలిసిన ఆ నీళ్లలో బ్యాక్టీరియా సరిగ్గా పని చేయదు. పైగా గోగు పూతకొచ్చి కోతకు వచ్చేసరికి సెప్టెంబర్, అక్టోబర్ అవుతుంది. ఆలస్యమైతే చలి మొదలవుతుంది. ఈ సూక్ష్మజీవులకు 34 డిగ్రీల చుట్టుపక్కల వేడి అంటే ఇష్టం. నీళ్లు చల్లబడే కొద్దీ పని నెమ్మదిస్తుంది. రెండు వారాల పని మూడు వారాలు దాటుతుంది.

బ్యారక్‌పూర్ ల్యాబ్ ఐడియా.. పొడిలో బ్యాక్టీరియా

ఇక్కడే శాస్త్రవేత్తలు ఎంటరయ్యారు. పశ్చిమ బెంగాల్‌లోని బ్యారక్‌పూర్‌లో జనపనార, అనుబంధ నార పంటల కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. పొట్టిగా క్రిజాఫ్ అంటారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి కింద పని చేస్తుంది. ఆమదాలవలస కేంద్రం కూడా నార పంటల అఖిల భారత పరిశోధన నెట్‌వర్క్‌లో భాగమే.

క్రిజాఫ్ శాస్త్రవేత్తలు వేసిన ప్రశ్న సింపుల్. చెరువులో రకరకాల బ్యాక్టీరియా ఉంటుంది. కొన్ని జిగురును తింటాయి, కొన్ని నారనూ తింటాయి. జిగురును మాత్రమే తినే వాటిని ఏరి, ఎక్కువ సంఖ్యలో మనమే నీళ్లలో వేస్తే?

అలా ఏరిన మూడు బాసిల్లస్ రకాలతో ‘క్రిజాఫ్ సోనా’ అనే పొడిని తయారు చేశారు. పెక్టిన్‌ను, జైలాన్ అనే మరో అంటు పదార్థాన్ని ఇవి బాగా కోస్తాయి. సెల్యులోజ్ జోలికి మాత్రం పోవు. అంటే సిమెంటు కరుగుతుంది, ఇటుక భద్రం.

బ్యాక్టీరియాను పొడిలో పెడితే చచ్చిపోదా అన్న అనుమానం రావచ్చు. బాసిల్లస్ ప్రత్యేకతే అది. పరిస్థితి బాగోలేనప్పుడు ఇవి స్పోర్లు అనే గట్టి కవచంలోకి వెళ్లి నిద్రపోతాయి. టాల్క్ పొడిలో నెలల తరబడి అలాగే ఉండగలవు. నీళ్లు, తిండి తగలగానే లేచి పని మొదలుపెడతాయి. గింజ మొలకెత్తినట్టే.

క్రిజాఫ్ లెక్క ప్రకారం, మామూలుగా 18 నుంచి 21 రోజులు పట్టే జనపనార ఊరే పని ఈ పొడితో 12 నుంచి 15 రోజుల్లో పూర్తవుతుంది. నార గ్రేడ్ కూడా మెరుగవుతుంది. అవే నీళ్లలో రెండోసారి ఊరేస్తే అప్పటికే బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి సగం పొడి చాలు. 2015లో మొదలైన జూట్ ఐ-కేర్ కార్యక్రమం ద్వారా నేషనల్ జూట్ బోర్డు, జూట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలు క్రిజాఫ్‌తో కలిసి దీన్ని, మేలైన విత్తనాలను రైతులకు చేరవేస్తున్నాయి.

జీనోమ్ చదివితే ఏం బయటపడింది?

పొడి పని చేస్తోంది సరే. ఎందుకు పని చేస్తోంది? దీనికి జవాబు కోసం క్రిజాఫ్ శాస్త్రవేత్తలు ఆ మూడు బ్యాక్టీరియాల మొత్తం డీఎన్ఏను చదివారు. ఆ ఫలితాలు 2020లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ జర్నల్‌లో వచ్చాయి. వాటికి పెట్టిన పేర్లు పీజేఆర్‌బీ 1, 2, 3.

ఒక్కోదాని జీనోమ్ సైజు సుమారు 38 లక్షల అక్షరాలు. మనిషి జీనోమ్ 300 కోట్ల అక్షరాల పైమాటే కాబట్టి దాంతో పోలిస్తే ఇది చిన్న పుస్తకం. కానీ ఆ చిన్న పుస్తకంలోనే ప్రొటీన్లు తయారు చేసే జన్యువులు 3,729 నుంచి 4,002 వరకు ఉన్నాయి.

మొదటి ఆశ్చర్యం.. ఈ మూడూ ఒకే జాతి కాదు. తొలుత వీటిని బాసిల్లస్ ప్యూమిలస్ రకాలుగా భావించారు. బ్యాక్టీరియా జాతిని గుర్తించడానికి సాధారణంగా ఒకే ఒక్క జన్యువును చూస్తారు. దగ్గరి బంధువుల్లో అది దాదాపు ఒకేలా ఉంటుంది. ఇంటిపేరు చూసి మనిషిని గుర్తుపట్టినట్టు. మొత్తం జీనోమ్‌ను పోల్చి చూస్తే అసలు తేడా తేలింది. బాసిల్లస్ కుటుంబంలోనే వేర్వేరు జాతులు ఆ పొడిలో ఉన్నాయి.

రెండోది.. పనిముట్ల పెట్టె. పెక్టిన్‌ను కోసే రకరకాల ఎంజైముల జన్యువులు వీటిలో కనిపించాయి. పెక్టిన్ ఒక పొడవాటి గొలుసు. దాని కొక్కేల మీద కొన్ని మూతలు ఉంటాయి. కొన్ని ఎంజైములు ముందు ఆ మూతలు తీస్తాయి. తర్వాత పెక్టేట్ లయేజ్ అనే ఎంజైము కత్తెరలా గొలుసును ముక్కలు చేస్తుంది. ఇంకొన్ని ఆ ముక్కలను ఇంకా చిన్నవి చేస్తాయి. ఒక్క పనిముట్టుతో అయ్యే పని కాదు. అన్నీ ఉంటేనే జిగురు త్వరగా వదులుతుంది.

మూడోది.. అక్షర మార్పులు. దగ్గరి బంధువులైన బ్యాక్టీరియాతో పోల్చినప్పుడు వీటి డీఎన్ఏలో 12,461 నుంచి 67,381 వరకు ఒక్క అక్షరం తేడాలు కనిపించాయి. వాటిలో కొన్ని పెక్టిన్‌ను కోసే జన్యువుల్లోనే ఉన్నాయి. ఇవి ఊరబెట్టే పనిలో ఇంత చురుగ్గా ఉండటానికి ఆ మార్పులు కారణం కావచ్చన్నది శాస్త్రవేత్తల అంచనా.

దీని వల్ల లాభమేంటి? పొడి తయారు చేసేటప్పుడు అందులో నిజంగా ఆ బ్యాక్టీరియానే ఉందా, వేరేది కలిసిందా అని డీఎన్ఏతో చెక్ చేయొచ్చు. ఇంకా మెరుగైన రకాల కోసం గుడ్డిగా వెతకకుండా, ఆ జన్యువులు ఉన్నవాటినే వెతకొచ్చు.

మొక్క జీనోమ్ కూడా చదివేశారు

బ్యాక్టీరియా ఒక్కటే కాదు. మొక్క వైపు నుంచీ పని జరిగింది. జనపనార జీనోమ్‌ను ఛేదించినట్టు 2010లో బంగ్లాదేశ్ ప్రకటించింది. ఆ బృందానికి నాయకత్వం వహించింది శాస్త్రవేత్త మఖ్సూదుల్ ఆలం. సాగులో ఉన్న రెండు జనపనార జాతుల పూర్తి వివరాలు 2017లో ‘నేచర్ ప్లాంట్స్’లో వచ్చాయి. ఒక్కో జాతిలో 30 వేలకు పైగా జన్యువులున్నట్టు తేలింది. జనపనార కాండాన్ని కుళ్లబెట్టే శిలీంధ్రం జీనోమ్‌ను కూడా ఇదే బృందం 2012లో వెల్లడించింది.

మన గోగుకు దగ్గరి చుట్టమైన కెనాఫ్ జీనోమ్‌ను చైనా శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించారు. నార ఎలా ఏర్పడుతుంది, ఆకు ఆకారాన్ని ఏ జన్యువులు నిర్ణయిస్తాయి అన్నవి అందులోని ముఖ్యాంశాలు. త్వరగా ఊరే, మెత్తటి నారనిచ్చే రకాలను తయారు చేయాలనుకునే వాళ్లకు ఇది రూట్ మ్యాప్ లాంటిది. గోగును వేధించే మొదలు కుళ్లు, తెల్లదోమ మోసుకొచ్చే పసుపు ఈనె తెగులు లాంటి వాటిని తట్టుకునే రకాల వేటకూ ఇదే దారి.

చెరువుకు, చేపలకు ఇబ్బంది లేదా?

ఉంది. నీళ్లలోని ఆక్సిజన్ మొత్తాన్ని బ్యాక్టీరియా లాగేస్తే చేపలు బతకవు. పశువులు ఆ నీళ్లు ముట్టవు. ఊరికి ఒకటే చెరువు ఉన్న చోట ఇది గొడవలకూ దారి తీస్తుంది. ఊరే రోజులు తగ్గితే ఈ ఇబ్బంది కూడా అంత తగ్గుతుంది.

దీనికి క్రిజాఫ్ సూచిస్తున్న దారి.. పొలంలోనే ఒక మూల గుంత తవ్వి, అడుగున ప్లాస్టిక్ షీట్ పరిచి, వాన నీళ్లు పట్టి అక్కడే ఊరబెట్టడం. కట్టలను దూరంగా ఉన్న చెరువుకు మోసే కూలి ఖర్చు మిగులుతుంది. ఊరి చెరువు శుభ్రంగా ఉంటుంది. తర్వాత అదే గుంతలో చేపలు పెంచుకోవచ్చు, మిగిలిన నీళ్లను పక్క పంటకు పెట్టుకోవచ్చు.

ఇంకో పద్ధతి ఉంది. పచ్చిగా ఉన్నప్పుడే యంత్రంతో బెరడును రిబ్బన్‌లా ఒలిచి, దాన్ని మాత్రమే ఊరబెట్టడం. పుల్ల బరువు పోతుంది కాబట్టి నీళ్లూ తక్కువే, రోజులూ తక్కువే.

నార తీసే వాళ్ల సంగతేంటి?

ఈ కథలో ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం ఇది. ఊరిన కట్టల నుంచి నార తీయాలంటే ఆ మురికి నీళ్లలో గంటల తరబడి నిలబడాలి. కాళ్లు, చేతులు పాసిపోతాయి. చర్మం దురదలు, పుండ్లు మామూలే. కూలీలు దొరకడం లేదని రైతులంటారు. ఆ నీళ్లలోకి దిగాలని ఎవరికి మాత్రం ఉంటుంది? బాగా ఊరిన నార పుల్ల నుంచి సులువుగా వచ్చేస్తుంది, నీళ్లలో ఉండాల్సిన సమయం తగ్గుతుంది. కాబట్టి పొడి పని చేస్తే దాని మొదటి లాభం అందేది ఆ కూలీలకే.

అలాగని బ్యాక్టీరియాతోనే అన్నీ తీరిపోతాయనుకుంటే పొరపాటే. 2025-26 సీజన్‌కు టీడీ-3 గ్రేడ్ ముడి జనపనారకు కేంద్రం క్వింటాల్‌కు రూ.5,650 మద్దతు ధర ప్రకటించింది. ధర గ్రేడును బట్టి మారుతుంది. మంచి గ్రేడ్ తెచ్చినా కొనేవాళ్లు దగ్గర్లో లేకపోతే, తూకం, గ్రేడింగ్ సరిగ్గా జరగకపోతే రైతు చేతికి ఆ డబ్బు రాదు. ల్యాబ్ చేయగలిగింది నారను బాగు చేయడం వరకే. మార్కెట్‌ను బాగు చేయడం ప్రభుత్వం, మిల్లుల చేతుల్లో ఉంది.

మార్కెట్ లేదనడానికి మాత్రం లేదు. 1987 నాటి చట్టం కింద ప్రభుత్వం ఆహార ధాన్యాలను పూర్తిగా, చక్కెరలో 20 శాతాన్ని గోనెసంచుల్లోనే ప్యాక్ చేయాలని చెబుతోంది. 2022 జులై 1 నుంచి కొన్ని రకాల సింగిల్ యూజ్ ప్లాస్టిక్‌పై దేశవ్యాప్తంగా నిషేధం ఉంది. నారసంచికి డిమాండ్ పెరగడానికి అవకాశం ఉన్న సమయమిది. ఆ డిమాండ్‌ను ఉత్తరాంధ్ర గోగు అందుకుంటుందా, లేక మిల్లులన్నీ బెంగాల్ నార మీదే ఆధారపడతాయా అన్నదే ప్రశ్న.

గోగు రైతులు గుర్తుంచుకోవాల్సినవి

- పంట సగం పూతలో ఉన్నప్పుడే కోయాలి. ముదిరితే నార గట్టిపడి ఆలస్యంగా ఊరుతుంది.
- లావు, సన్నం కాడలను వేర్వేరుగా కట్టలు కట్టాలి. కలిపి కడితే కొన్ని ఊరవు, కొన్ని కుళ్లిపోతాయి.
- మొదళ్లను మూడు నాలుగు రోజులు ముందుగా నానబెట్టాలి.
- బరువుకు మట్టి పెళ్లలు, అరటి బోదెలు వద్దు. ఇసుక నింపిన సంచులు, సిమెంటు దిమ్మెలు మేలు.
- పదో రోజు దాటాక రోజూ రెండు మూడు కాడలు తీసి చూడాలి. నార పుల్ల నుంచి సులువుగా జారితే వెంటనే తీసేయాలి.
- తీసిన నారను శుభ్రమైన నీళ్లలో కడిగి, నేల మీద కాకుండా దండేల మీద ఆరబెట్టాలి.
- బ్యాక్టీరియా పొడి కోసం, మోతాదు కోసం వ్యవసాయ శాఖ సిబ్బందిని లేదా ఆమదాలవలస పరిశోధన కేంద్రాన్ని సంప్రదించాలి.

చంపావతి ఒడ్డున మిల్లు మగ్గాలు ఆడాలంటే ముందు గోగు చేలు నిలబడాలి. చేలు నిలబడాలంటే కోసిన పంటను తక్కువ నీళ్లతో, తక్కువ రోజుల్లో, మనుషుల ఒళ్లు పాడుకాకుండా నారగా మార్చే దారి ఉండాలి. ఆ దారిలో సగం ఇప్పుడు ఓ పొడి ప్యాకెట్లో దొరుకుతోంది. మిగతా సగం.. దాన్ని సీజన్‌కు ముందే రైతు గడపకు చేర్చి, వచ్చిన మంచి నారకు మంచి ధర కట్టడం.